రెండు చోట్ల పెట్టిన తాళం చెవి

పరాంకుశం మాస్టారు శిష్యుల కీబోర్డు ముట్టుకునేవారు కారు. ఎవరికి ఏ చిక్కొచ్చినా కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఏమంటోంది?" అని అడిగేవారు. అడిగిన ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పడం కూడా ఆయనకి అలవాటు లేదు. మాచర్లలో ఎరువుల కొట్టు పైన మేడగదిలో ఆయన కంప్యూటర్లు నేర్పినన్నాళ్లూ అంతే.

అక్కడ నేర్చుకునేవాళ్లలో హిమజ అని ఒకమ్మాయి ఉండేది. ముప్పయ్యేళ్లు దగ్గర పడుతున్నాయి. అమ్మానాన్నలు పోయాక వారంలో కొన్నాళ్లు అన్నయ్య ఇంట్లో, కొన్నాళ్లు పిన్ని ఇంట్లో ఉండేది. ఎవరూ పొమ్మనలేదు. ఇద్దరూ "ఇది నీ ఇల్లే" అనేవాళ్లు. రెండిళ్లలోనూ ఆమెకో దువ్వెన, ఓ జత బట్టలు, ఓ దుప్పటి ఉండేవి. అన్నయ్య ఇంట్లో ఆ దుప్పటి అటక మీద పెట్టి, ఆమె వచ్చినప్పుడు దించేవాళ్లు. పిన్ని ఇంట్లో చుట్టాలకి తీసే కంచంలో అన్నం పెట్టేవాళ్లు.

ఒక శనివారం మధ్యాహ్నం, గదిలో భోజనాలు చేస్తుండగా, ఆమె మాస్టారి దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"మాస్టారూ, రెండు చోట్లా నా సామానుంది. రెండు చోట్లా బాగానే చూస్తారు. అయినా ఎక్కడికి వెళ్లినా ముందు 'ఎప్పుడొచ్చావు' అనే అడుగుతారు. నాలోనే ఏదన్నా లోపముందంటారా?"

మాస్టారు మజ్జిగన్నం డబ్బాకి మూత పెట్టారు. "నీ పని పంపావా?" అన్నారు.

పంపలేదు. పొద్దుట్నించీ ఆమె దిగులు అదే. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి ముందు పరీక్షగా ఓ పని చేసి పెట్టమంది. పని పూర్తయింది. ఇక్కడినించే వాళ్ల కంప్యూటర్లోకి వెళ్లి దాన్ని అక్కడ పెట్టాలి. సాయంత్రం అయిదింటికి గడువు. ఈ ఉద్యోగం వస్తే ఒక గది అద్దెకి తీసుకోవచ్చని ఆమె ఎవరికీ చెప్పకుండా అనుకుంటోంది. అవతలి కంప్యూటరు లోపలికి రానివ్వాలంటే ఒక తాళం చెవి చూపించాలి. చెవి అంటే చిన్న ఫైలే. వాళ్లు కిందటి వారం పాతది మార్చి కొత్తది పంపారు. ఆమె దాన్ని జాగ్రత్తగా దాచుకుంది. అయినా ఇవాళ ఎన్నిసార్లు వెళ్లినా వెనక్కి పంపేస్తోంది.

మాస్టారు కుర్చీ లాక్కున్నారు. "ఏమంటోంది?"

"నువ్వెవరో తెలీదంటోంది. చెవి ఇదిగో మాస్టారూ, కళ్లెదురుగానే ఉంది."

పక్క బల్ల దగ్గర తింటున్న తోటి శిష్యుడు ఖాజా తల తిప్పి చూశాడు. "నీ కంప్యూటరు కూడా నీలాగే సంచి సర్దుకుని తిరుగుతున్నట్టుంది అక్కా."

"నువ్వు తిను ముందు," అంది హిమజ.

ఆమెది విండోస్ కంప్యూటరు. కంపెనీ పనులకి యూనిక్స్ అనే వేరే పద్ధతి కావాలి కనక, విండోస్ లోపలే యూనిక్స్ లాగా మాటలు టైపు చేసి పని చేయించుకునే నల్ల తెర ఒకటి పెట్టుకోవడం మాస్టారు అందరికీ నేర్పారు. పెద్ద ఇంట్లో ఒక వాటాలో అద్దెకున్నట్టు అది విండోస్‌లో ఉంటుంది. ఆ పద్ధతిలో మనిషికొక చోటు ఉంటుంది. వాళ్ల ఫైళ్లు, వాళ్ల అలవాట్లు, వాళ్ల చెవులు అన్నీ అందులోనే. ఆ చోటునే వాళ్లు ఇల్లంటారు.

"నల్ల తెరని అడుగు, నా ఇల్లెక్కడ అని."

హిమజ అడిగింది. విండోస్ ఆమె పేరు మీద ఇచ్చిన చోటు చూపించింది.

"ఇప్పుడు చెవి చూపించే ప్రోగ్రాముని, ఎక్కడెక్కడ వెతుకుతోందో పైకి చెప్తూ వెళ్లమను."

అది వరసగా చెప్పుకుంటూ పోయింది. అందులో ఎక్కడా ఆ చోటు లేదు. ఇంకో చోటుంది. అదీ ఆమె పేరుతోనే ఉంది.

ఖాజా చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చాడు. "ఇదేంటి మాస్టారూ, ఒక్క మనిషికి రెండిళ్లా?"

"విండోస్ చెప్పిన మాట నల్ల తెర నమ్మింది. చెవి చూపించే ప్రోగ్రాము ఆ మాట పట్టించుకోదు. యూనిక్స్ తనంతట తాను ఇచ్చిన చోటికే పోతుంది. రెండూ మొండివే."

హిమజ తల దించుకుంది. ఈ తికమక ఆమెకి కొత్త కాదు. మొదట్లో తను పెట్టుకున్న రంగులు, పేర్లు కనబడక, తెర రోజూ కొత్తవాళ్లని పలకరించినట్టు పలకరిస్తుంటే, ఆ గదిలో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. ఉన్నవన్నీ రెండు చోట్లా పెట్టేసింది. ఏదో ఒక చోట దొరుకుతాయి కదా అనుకుంది. దొరికాయి కూడా. కానీ కొత్త చెవి వచ్చినప్పుడు, తన కంటికి కనబడే చోట ఒక్కటే పెట్టింది. రెండో ఇంట్లో పాత చెవి అలాగే ఉండిపోయింది. పొద్దుట్నించీ ఆ ప్రోగ్రాము పాత చెవి పట్టుకుని వెళ్లి తలుపు కొడుతోంది.

"ఇంతేనా, కొత్తది అక్కడ కూడా పడేస్తే సరి," అన్నాడు ఖాజా. "కాపీ కొట్టెయ్యి అక్కా, టైమవుతోంది."

హిమజ చెయ్యి అప్పటికే కీబోర్డు మీదికి వెళ్లింది.

"కొట్టు," అన్నారు మాస్టారు. "ఇవాళ్టికి తలుపు తెరుచుకుంటుంది."

ఆమె చెయ్యి ఆగింది. కింద కొట్లో యూరియా బస్తాలు దింపుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె మాస్టారి వైపు తిరిగి అంది, "ఏ ఇల్లు ఉంచాలో మీరే చెప్పండి మాస్టారూ."

"విండోస్ చెప్పిందయితే మిగతా ప్రోగ్రాములకి కూడా అందుబాటులో ఉంటుంది. యూనిక్స్ ఇచ్చిందయితే నీ జోలికి ఎవరూ రారు. రెండూ మంచివే."

"మరి ఏది?"

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూశారు.

నీకేది కావాలని ఆమెని ఎవరూ అడిగి ఎరగరు. అమ్మ పెద్దకర్మ అయిన సాయంత్రం అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లే అనుకున్నారు, కొన్నాళ్లక్కడ, కొన్నాళ్లిక్కడ అని. ఆమె గుమ్మంలో నిలబడి, మీ ఇష్టం అంది. ఇప్పుడు ఆ మాట అందామంటే తన బదులు తేల్చేవాళ్లెవరూ లేరు. గడియారం మూడు దాటింది.

ముందు ఆమె యూనిక్స్ ఇచ్చిన ఇంట్లోకి వెళ్లింది. అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. కావలసినవి ఇవతలికి తెచ్చుకుంది. పాత చెవి తీసేసింది. చోటంతా ఖాళీ చేసింది. తర్వాత సెట్టింగుల ఫైలు తెరిచి, విండోస్ చెప్పిన ఇల్లే యూనిక్స్‌కీ ఇల్లని ఒక్క వరుస రాసింది. రాశాక చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. తెర మీది కిటికీలన్నీ మూసి మళ్లీ తెరిచింది.

నల్ల తెరని అడిగింది. చెవి చూపించే ప్రోగ్రాముని అడిగింది. రెండూ ఒకే చోటు చెప్పాయి.

ఈసారి అవతలి కంప్యూటరు ఏమీ అనకుండా రానిచ్చింది. ఆమె పని అక్కడ పెట్టి వెనక్కి వచ్చింది. అయిదు కాకముందే కంపెనీ నించి అందిందని ఒక్క మాట వచ్చింది. ఇంకేమీ రాయలేదు.

"ఉద్యోగమొస్తే బిర్యానీ అక్కా, టీతో సరిపెడితే ఊరుకోను," అని ఖాజా వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు కూడా దిగిపోయారు.

శనివారం ఆమె పిన్ని ఇంటినించి అన్నయ్య ఇంటికి మారే రోజు. సంచి భుజానికి తగిలించుకుని మెట్ల దగ్గర నిలబడింది గానీ దిగలేదు. గదిలో వెలుతురు తగ్గుతోంది. మాస్టారు ఒక్కో కంప్యూటరూ ఆపుకుంటూ వస్తున్నారు.

"ఉద్యోగం వస్తుందో రాదో," అంది హిమజ. "గది సంగతి తర్వాత. ఈ పూట ఎటు వెళ్లాలో కూడా తెలీడం లేదు మాస్టారూ."

ఆయన ఆమె కంప్యూటరు దగ్గర ఆగారు. దాన్ని మాత్రం ఆపలేదు.

"దానికీ తెలీదమ్మా," అన్నారు. "నువ్వు రాసేదాకా."