అరవై అయిదు వాట్ల భోజనం

ఆ ఊళ్లో కంప్యూటర్ సామాన్ల కొట్టు ఒక్కటే, సోమలింగం గారిది. అందుకే ఆయన చెప్పిందే వేదం.

కొట్లకు క్యారేజీ భోజనం పంపే రావులమ్మకు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. ఆమె కూతురు పాత గేమింగ్ ల్యాప్‌టాప్ మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. దాని ఛార్జింగ్ అడాప్టర్ కాలిపోతే సోమలింగం గారు ఇంకోటి ఇచ్చారు. దాంతో వీడియో తెరవగానే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది. పిల్ల మూడు రోజులుగా ఏడుస్తూనే ఉంది.

"దీనికి నూట ఎనభై వాట్లు కావాలట బాబూ. మీరిచ్చింది అరవై అయిదేనట," అని రావులమ్మ మూడోసారి బతిమాలింది.

"పిన్ను పట్టింది కదా. ఇంక నన్నడక్కు," అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం ఆయన క్యారేజీ ఆమే స్వయంగా తెచ్చింది. విప్పితే ఒక్కో గిన్నెలో ఒక్క ముద్దే ఉంది.

"ఇది నాకు ఏ మూలకి సరిపోతుంది?"

"మూత పట్టింది కదండీ," అంది రావులమ్మ.

సోమలింగం గారు గిన్నెలు పక్కకు జరిపారు. తర్వాత లేచి వెళ్లి పెద్ద అడాప్టర్ తెచ్చి బల్ల మీద పెట్టారు. రావులమ్మ సంచిలోంచి మిగతా అన్నం తీసి వడ్డించింది.

పెళ్లివాళ్లు ఆ పొద్దున్నే వచ్చి, పని వేరేవాళ్లకిస్తామని వీడియోలు పట్టుకుపోయారు. ఆ మాట రావులమ్మ ఆయన చెయ్యి కడుక్కున్నాక చెప్పింది.