అరువు తెచ్చిన సారపప్పు

కొర్రకోన అడవిలో సారపప్పు చెట్లు ఎక్కువ. అక్కడి ఉడుత తను ఏరిన పప్పును ఎలుగుబంటి కొట్లో దాచుకునేది. కోతులు గవ్వలిచ్చి కొనుక్కునేవి. కొండ కింది గుహలో జంబన్న అనే నక్క, అతని భార్య పింగి, వాళ్ళ మూడు పిల్లలు ఉండేవి.

ఒకరోజు జంబన్న గెంతుకుంటూ వచ్చాడు.

"పింగీ! ఎలుగన్న కొట్లో ఉడుతక్క పప్పు పది బుట్టలు అరువు తీసుకున్నా. బుట్ట పది గవ్వలకు కోతులకు అమ్మేశా."

"మనది కాని పప్పా?"

"ఉడుతక్క సరేనంది. అద్దె ఇస్తున్నాగా. చెట్లు విరగపూశాయి చూడు. కాపు రాగానే బుట్ట మూడు గవ్వలకు దిగుతుంది. అప్పుడు కొని తిరిగిచ్చేస్తా. మిగిలిందంతా మనదే!"

"దిగితే సున్నా దగ్గర ఆగుతుంది. ఎక్కితే ఎక్కడ ఆగుతుందయ్యా?"

జంబన్న నవ్వేశాడు. అరువు కోసం గుహను ఎలుగుబంటికి తాకట్టు పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

వారానికే వడగళ్ళు పడ్డాయి. పూత రాలింది. బుట్ట ఇరవై గవ్వలైంది.

"తాకట్టు చాలదు తమ్ముడూ, ఇంకా తే" అని ఎలుగుబంటి కబురు పెట్టింది. పప్పు అమ్మిన గవ్వలతోపాటు, పిల్లల కోసం పింగి దాచిన ఎండు పీతలు కూడా ఆ తాకట్టులోకే పోయాయి.

జంబన్న రోజంతా చెట్ల కింద కూర్చుని పైకి చూసేవాడు.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు."

పింగికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఎవరైనా పలకరిస్తే, బాగున్నామనేది.

ఒక పొద్దున ఎలుగుబంటి గుహ ముందుకొచ్చింది.

"ఉడుత తన పప్పు అడుగుతోంది. ఇవాళే ఇవ్వాలి."

"నెల ఆగన్నా! ధర దిగుతుంది."

"దిగొచ్చు. కానీ పప్పు నీది కాదుగా? తాకట్టు పెట్టిన గుహ ఉందిగా."

పింగి మొగుడి వైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

పప్పు కోతుల దగ్గరే ఉంది. వాటికి సంగతి తెలిసిపోయింది. "బుట్ట ముప్పై గవ్వలు. కావాలా వద్దా, నక్కబావా?" అని ఇకిలించాయి.

ఎలుగుబంటి ఆ గుహను దుమ్ములగొండికి అమ్మి, పది బుట్టలు కొని ఉడుతకు ఇచ్చేసింది. ఉడుత మంచి ధరకు అమ్ముకుని, ఏడాదికి సరిపడా తిండి సమకూర్చుకుంది.

పింగి పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని ముళ్ళపొద కిందికి చేర్చింది. మూడుసార్లు తిరిగింది.

నెల తిరక్కుండానే పక్క కొండ నుంచి పప్పు వచ్చిపడింది. బుట్ట మూడు గవ్వలకు దిగింది.

"చూశావా, నే చెప్పలా!" అన్నాడు జంబన్న.

వాన మొదలైంది. పింగి తోక చాపి పిల్లల మీద కప్పింది. ఒక పిల్ల తడుస్తూనే ఉంది.

నీతి: నీ అంచనా నిజమయ్యేదాకా అరువు సొమ్ము ఆగదు. ఇంటిని పణంగా పెట్టేముందు ఇంట్లోవాళ్ళను అడుగు.