పొలిమేర దొర బూట్లు

అనగనగా, నల్లకొండ కింద ఒక ఊళ్ళో, సుంకమ్మ అని ఒక ఆవిడ ఉండేది. ఇటు తిరిగి పడుకో బుజ్జీ, ఆ దుప్పటి తన్నకు. సుంకమ్మది తోలు పని, ఇల్లు ఊరి పొలిమేర రాయికి అవతల. వాళ్ళ నాయన లింగన్న దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక పనంతా ఆవిడ మీదే పడింది.

ఆ కొండ మీద చిన్న గుడి ఉంది. గుళ్ళో దేవుణ్ణి అందరూ పొలిమేర దొర అనేవాళ్ళు. పక్కనే నల్లరాతి గుర్రం. పగలంతా అది ఒట్టి రాయే. ఊరు నిద్రపోయాక మాత్రం దొర దాన్నెక్కి ఊరి చుట్టూ తిరిగి కాపలా కాసేవాడు. ఎవ్వరూ చూసింది లేదు. పొద్దున లేచేసరికి ఊరి చుట్టూ గిట్టల గుర్తులు ఉండేవి. వాటిని తొక్కకుండా దాటి పొలాలకి పోయేవాళ్ళు.

తుమ్మ ముళ్ళలో తిరగాలి కదా మరి. అందుకని ఏటేటా ఉగాదికి దొరకి మోకాళ్ళ దాకా వచ్చే తోలు బూట్లు కుట్టి గుడి గడప దగ్గర పెట్టేవాడు లింగన్న. మళ్ళీ ఉగాది వచ్చేసరికి అవి అరిగిపోయి, అడుగున ముళ్ళు దిగబడి ఉండేవి.

ఆ ఏడు మొదటిసారి సుంకమ్మ కుట్టింది. గేదె తోలుని తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టింది. ఆరె అనే తోలు సూదితో పొడిచి, దారం లాగి, చేతులు బొబ్బలెక్కేదాకా కుట్టింది. బూట్లు కర్రల్లా నిటారుగా నిలబడ్డాయి. ఎంత గట్టిగా వచ్చాయో అని మురిసిపోయి, గుళ్ళో పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చింది.

తెల్లారి చూస్తే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అప్పుడు సుంకమ్మ వాటికి ఆముదం పట్టించింది. దొర తొడగలేదు. ఆ తర్వాత కొయ్య సుత్తితో దబదబా బాది, వంచి, మళ్ళీ పెట్టింది. మూడోనాడు కూడా బూట్లు అలాగే ఉన్నాయి.

ఊరంతా గుసగుసలు మొదలయ్యాయి. ఊరి పెద్దకాపు పిలిపించాడు. "మీ నాయన చేతి పని నీకు రాలేదమ్మా. పక్కూరి వాళ్ళకి కబురు చేస్తాను. బూట్లు తీసుకుపో" అన్నాడు. ఏడు తరాల నుంచి వాళ్ళింట్లో ఉన్న పని. సుంకమ్మ తల వంచుకుని కొండెక్కింది.

గుడి ముందు మన్నులో గిట్టల గుర్తులు ఉన్నాయి. గుర్రం ఆగిన చోటి నుంచి గడప దాకా, ఇంతింత పెద్ద పాదాల గుర్తులు. ఒట్టి పాదాలు, బుజ్జీ. ఒక్కో అడుగులో ఒక్కో నెత్తుటి చుక్క. గడప పక్కన, పీకేసిన తుమ్మ ముళ్ళు కుప్పగా ఉన్నాయి.

బూట్లు నచ్చక దొరకి కోపం వచ్చిందనుకున్నారు అందరూ. ఆయన కాపలా మానలేదు. వీళ్ళందరూ హాయిగా పడుకుంటే ఒట్టి కాళ్ళతో ముళ్ళలో తిరుగుతున్నాడు. ఆవిడ ఆ అడుగుల పక్కనే కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇంటికొచ్చి వాళ్ళమ్మతో చెప్పింది. ముసలామె ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుంది. ఆ తర్వాత అంది, "ఉగాదికి ముందు మూడు రోజులు మీ నాయన ఎక్కడికి పోయేవాడో ఎప్పుడైనా అడిగావా? ఆ బూట్లు తన కాళ్ళకి తొడుక్కుని అడవిలో తిరిగేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరు ఊరుకుంటుందా? చీలమండ దగ్గర తోలు వంగకపోతే గుర్రం ఎక్కేటప్పుడు రికాబులో కాలు నిలవదే. ఎవరో ఒకరి కాలు ముందు ఆ నొప్పి పడాలి."

సుంకమ్మ బూట్లు తొడుక్కుంది. పెద్దవి కదా, లోపల పాత గుడ్డలు కుక్కుకుంది.

మొదటి రోజు మోకాళ్ళు వంగక, అడవిలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచింది. పదిసార్లు పడింది. రెండో రోజు మడమలు పుళ్ళు పడి, గుడ్డలు తడిసిపోయాయి. పళ్ళు బిగబట్టి నడిచింది. మూడో రోజు బూట్లు కిర్రు కిర్రుమని మాట్లాడడం మొదలెట్టాయి. చీలమండ దగ్గర తోలు మెల్లగా లొంగింది.

ఆ సాయంత్రమే మేకలవాళ్ళు ఆవిణ్ణి చూశారు. ఊరంతా పోగైంది.

"దొర తొడిగే బూట్లలో నీ కాళ్ళా?" అన్నాడు పెద్దకాపు. కోపంతో కర్ర నేలకేసి కొట్టాడు.

సుంకమ్మ బూట్లు విప్పింది. ఆవిడ కాళ్ళు చూసి ముందున్న వాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. "వీటిలో ఉన్న నొప్పంతా నా కాళ్ళు తీసేసుకున్నాయి, పెద్దయ్యా. దొర కాళ్ళకి ఇంక ఏమీ మిగల్లేదు" అంది.

ఆయన ఆ పుళ్ళ వైపు, బూట్ల వైపు చూశాడు. "గుళ్ళో పెట్టు. పొద్దునకి అవి అక్కడే ఉంటే మాత్రం, నువ్వు ఊరొదిలి పోవాలి" అన్నాడు చివరికి.

తెల్లారగానే, కాళ్ళు నేల మీద ఆనించలేని సుంకమ్మ తప్ప, అందరూ కొండెక్కారు. గడప దగ్గర బూట్లు లేవు. దొర కాళ్ళకి ఉన్నాయి. రాతి కాళ్ళకి తోలు బూట్లు, చక్కగా, ముడత కూడా పడకుండా. వాటి మీద పచ్చి మన్ను.

పెద్దకాపు గిట్టల గుర్తుల వెంట నడిచాడు. వెనకాలే ఊరంతా నడిచింది. గుర్తులు వాగు దాటాయి, జొన్న చేల పక్కగా సాగాయి, పొలిమేర రాయి దగ్గరికొచ్చాయి. ఇన్నేళ్ళూ గుర్రం అక్కడే లోపలికి మళ్ళేది. తోలు పనివాళ్ళ ఇళ్ళు ఆ రాయికి అవతల కదా. వాళ్ళని ఊళ్ళో కలిపేవాళ్ళు కాదులే, పాడు మనుషులు.

ఆ రోజు గిట్టలు మళ్ళలేదు. తిన్నగా రాయి దాటాయి. ఆ గుడిసెలన్నిటి చుట్టూ తిరిగాయి. సుంకమ్మ గుమ్మం ముందు గుర్రం ఆగింది. దొర దిగాడు. బూట్ల అడుగులు రెండు, లోపల పడుకున్న మనిషి వైపు తిరిగి, అక్కడే నిలబడి ఉన్నాయి.

సుంకమ్మ కర్ర పట్టుకుని కుంటుకుంటూ బయటికొచ్చి, వాటిని చూసి చేతులు జోడించింది. పెద్దకాపు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరినీ పిలవకుండా, గడ్డపార తెచ్చి తనే ఆ పొలిమేర రాయిని పెకలించాడు. భుజం మీద మోసుకొచ్చి, సుంకమ్మ ఇల్లు దాటి, చివరి గుడిసె కూడా దాటి, అక్కడ పాతాడు.

గుర్రం పోయె కొండకి,
బూట్లు పోయె గుడికి,
కథ పోయె కంచికి,
మనం పోదాం నిద్దరకి.