నార్వే చేపకు భీమవరం తరుగు

భీమవరంలో సాఫ్ట్‌వేర్ రాసుకునే గోవర్ధనరాజుకి ఒక మంచి గుణం ఉండేది: తనకు తెలిసిన సంగతి గురించి ఎదుటివాళ్ళను అడిగి వాళ్ళ సమయం పాడుచేసేవాడు కాడు. తెలియని సంగతంటూ అతనికి ఏదీ తగల్లేదు కాబట్టి, ఆ గుణం వల్ల చాలామందికి చాలా సమయం మిగిలింది.

అతను కంప్యూటరు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బీకాం చదివి, పుస్తకాలు చూసి, పాడుచేసి బాగుచేసి సొంతంగా పట్టుకున్నాడు. ఆరుగురితో చిన్న ఆఫీసు పెట్టాడు. మందుల షాపులకీ, రైస్ మిల్లులకీ ప్రోగ్రాములు రాసి నెట్టుకొస్తుండగా నార్వే నుంచి ఒక పని వచ్చింది. అక్కడ ఒక చిన్న రేవులో జాలర్ల సంఘం ఉంది. పడవలు తెచ్చిన చేపల్ని తూచి, ఎవరి చేప ఎంతో రాసిపెట్టే ప్రోగ్రాము వాళ్ళకు కావాలి. ఈ రేవులో నచ్చితే మిగతా పదకొండు రేవులూ ఇస్తామన్నారు. ఆ పదకొండూ వస్తేనే ఆఫీసు నిలుస్తుంది. రాకపోతే ఆరుగురివీ ఆరు దారులు.

"చేపలా!" అన్నాడు రాజు. "చేపల సంగతి భీమవరం వాడికి ఒకరు చెప్పేదేవుందండీ?"

సంఘానికి పెద్ద గున్వోర్ అనే అరవై ఏళ్ళ ఆవిడ. వారానికోసారి తెర మీద కనిపించేది. మధ్యలో ఏదైనా అడగాలంటే మెయిల్ రాయాలి. ఇక్కడ పొద్దున్నే అడిగితే అక్కడ తెల్లారాలి, ఆవిడ రేవు నుంచి ఇంటికి రావాలి. జవాబొచ్చేసరికి ఇక్కడ దీపాలు పెట్టే వేళయ్యేది. అందుకని సందేహం వచ్చినప్పుడల్లా రాజు కళ్ళు మూసుకుని, తన బాబాయి చేపల చెరువు గట్టును తలుచుకునేవాడు. జవాబు వెంటనే దొరికేది.

ప్రోగ్రామును పరీక్షించే మంగతాయారు ఒకరోజు అతని బల్ల దగ్గరకొచ్చింది.

"ఏవండీ, బరువు వంద కిలోలకి చేరగానే ఇది ఐదు కిలోలు తీసేస్తోందండి."

"తరుగమ్మా. చేపకి నీరుంటుంది, బురదుంటుంది. కొనేవాళ్ళు క్వింటాలుకి ఐదు కిలోలు తీసేస్తారు. బుద్ధెరిగినప్పట్నించీ మా బాబాయి గట్టు మీద చూస్తున్నా."

"మరి వాళ్ళు తియ్యమన్నారాండి?"

"అన్నంలోకి కూర కావాలని ఎవరైనా విడిగా చెబుతారా? చేపలన్నాక తరుగుండదా?"

"సముద్రం చేపకి బురదుంటుందాండి?"

"నీ పని చూసుకో తల్లీ" అన్నాడు రాజు.

వారం వారం చూపించినప్పుడు ఇరవై కిలోల పెట్టెలూ, ముప్పై కిలోల పెట్టెలూ మాత్రమే లెక్కకట్టి చూపించారు. వంద దాకా పోలేదు కనుక తరుగు బయటపడలేదు. గున్వోర్ బాగుందని తల ఊపింది. రాజు ఆవిడ కంటే ఎక్కువ ఊపాడు.

రేవులో ప్రోగ్రాము మొదలైన మూడో రోజు ఆవిడే వీడియో ఫోన్ చేసింది. ముఖంలో కోపం లేదు. కొత్తరకం పురుగును చూసిన చిన్నపిల్లలా ఉంది.

"రాజూ, మా రేవులో ఒక దొంగ పడ్డాడు. విచిత్రమైన దొంగ. ప్రతి వంద కిలోలకీ సరిగ్గా ఐదే తీస్తున్నాడు. దొంగకి ఇంత నిక్కచ్చితనం ఎక్కడిది?"

రాజు గొంతు సవరించుకున్నాడు. "దొంగ కాదండీ, అది తరుగు" అని మొదలుపెట్టి నీళ్ళ సంగతీ బురద సంగతీ అంతా చెప్పాడు.

"మేం అడుగున చిల్లులున్న పెట్టెల్లో పోసి, నీరంతా పోయాకే తూస్తాం. నువ్విక్కడ ఒక్క నిమిషం నిలబడితే కనిపించేది" అంది గున్వోర్. మళ్ళీ ఆవిడే, "సరే గానీ, మీ దగ్గర ఐదే ఎందుకు? ఆ నీళ్ళని ఎవరైనా తూచారా?" అని అడిగింది.

రాజు నోరు తెరిచాడు. 'తెలీదు' అనే మాట అంతకుముందెప్పుడూ ఆ దారిన రాలేదు కనుక, బయటికి రావడానికి దానికి కాస్త సమయం పట్టింది.

"తెలీదండీ" అన్నాడు.

ప్రోగ్రాములోంచి తరుగు తీసెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. జాలర్ల మనసులోంచి తీసెయ్యడానికి నెల పట్టింది. ఆ నెలంతా వాళ్ళు పాత కాటా మీదోసారి, కొత్త కాటా మీదోసారి తూచారు. గున్వోర్ రోజూ అరగంట ఫోను పట్టుకుని రేవంతా తిరిగి చూపించింది. "ఆ చేపలకి తలకాయలేవండీ? ఆ నీలం పెట్టెలు ఎవరివండీ?" అని రాజు అడుగుతూనే ఉన్నాడు. ఆ అరగంటా నార్వే భీమవరం పక్క ఊరంత దగ్గరగా ఉన్నట్టుండేది.

అయినా మిగతా పదకొండు రేవుల పని అతనికి రాలేదు. రేవు మీద నిలబడి చూడగలిగిన అక్కడివాళ్ళకే ఇచ్చారు. మొదటి రేవు ప్రోగ్రాము బాగోగులు మాత్రం రాజుకే ఉంచారు. దాంతో ఆఫీసులో ఆరుగురికి ముగ్గురు మిగిలారు.

ఆవిడ అడిగిన ప్రశ్న మటుకు రాజును వదల్లేదు. ఒక పొద్దున బాబాయి చెరువులో చేపల పట్టుబడి జరుగుతుంటే వెళ్ళాడు.

"బాబాయ్, తరుగు ఐదే ఎందుకు?"

"నేను పుట్టకముందు నుంచీ ఐదే అబ్బాయ్."

"ఎందుకని ఎప్పుడైనా అడిగారా?"

"కొనేవాళ్ళూ మేమూ రోజూ మొహాలు చూసుకునేవాళ్ళం. అడిగితే ఏం బావుంటుంది?"

రాజు క్వింటాలు చేపల్ని చిల్లుల పెట్టెల్లో పోయించి, కారిన నీళ్ళన్నీ బకెట్లో పట్టి తూచాడు. కిలోన్నర తూగింది. బాబాయి బకెట్ కేసి చూశాడు. చేపలు కొనే ఆసామి కేసి చూశాడు. ఆసామి చెరువు కేసి చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా క్వింటాలుకి మూడున్నర కిలోలు..." అని బాబాయి వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి ఆ గట్టు మీద తరుగు రెండు కిలోలైంది.

గోవర్ధనరాజు ఇప్పుడు తెలియని సంగతులు సిగ్గుపడకుండా అడుగుతున్నాడు. తెలుసనుకున్నవి అడగడం మాత్రం అతనికి ఇప్పటికీ చేతకావడం లేదు. అవి తెలిసినవి కావని ముందుగా ఎలా పసిగట్టాలో అతనికి ఇంకా అంతుపట్టలేదు.

నీతి: దూరాన ఉన్నవాళ్ళ పని చేసేవాడు తెలియనిదానికంటే ముందు, తనకు బాగా తెలుసనుకున్నదాన్నే అడిగి తెలుసుకోవాలి.