గడ్డివాము కాలినా గాబరా పడనివాళ్ళు

ఊరు మొత్తం మీద తెలివంటూ ఉంటే అది తన గడపలోనే ఉందని పుల్లయ్య చెప్పుకునేవాడు. ఇంకెవరూ చెప్పడం లేదు గనక ఆ పని కూడా ఆయనే చూసుకునేవాడు. కొడుకు నాంచారయ్య, కోడలు తిరపతమ్మ పక్కన నిలబడి తలలూపేవాళ్ళు. ముగ్గురికీ కలిపి ఒక్క గేదె. దాని పాలమీదే బతుకు.

ఓనాడు పట్నం నుంచి మెదడు డాక్టరొకాయన వచ్చి బడిలో మంచి మాటలు చెప్పాడు. కంగారు పుడితే మెదడులో బాదంపప్పంత ముక్క గంట కొడుతుందట. అప్పుడు తొందరపడి ఏ పనీ చేయకూడదట. ఊపిరి పొడుగ్గా వదలాలి, మొహాన చన్నీళ్ళు కొట్టుకోవాలి, లోపల పుట్టినదానికి పేరుపెట్టి పైకి చెప్పాలి. ముగ్గురూ వల్లించుకుంటూ ఇల్లు చేరారు.

ఆ మధ్యాహ్నమే గడ్డివాము అంటుకుంది. గేదెకు ఏడాది మేత అది. ఇంకా చారెడు మంటే, ఒక్క బిందె పోస్తే చచ్చేది. తిరపతమ్మ బిందెతో పరిగెత్తింది.

"ఆగమ్మాయ్. లోపల గంట కొడుతోందా?" అన్నాడు పుల్లయ్య.

"గణగణా కొడుతోంది మామయ్యా."

"మరి పని చేస్తావేం?"

అంతే. బిందె దించి, ముగ్గురూ వాము ముందు చతికిలబడి ఊపిరి పొడుగ్గా వదిలారు. వదిలింది మంట మీదికే. ఇంకేముంది, చారెడు మంట చాటెడయింది. భయం పెరిగింది. ఇంకా గట్టిగా వదిలారు. సగం వాము అంటుకుంది.

"ఇప్పుడు నీళ్ళు," అన్నాడు నాంచారయ్య. బిందెడు నీళ్ళతో ముగ్గురూ శుభ్రంగా మొహాలు కడుక్కున్నారు.

పక్కింటి మస్తానమ్మ ఇంకో బిందె మోసుకొచ్చి, "వెర్రిమొహాల్లారా, తగలడిపోతుంటే చూస్తారేంటి?" అని కేకలేసింది.

"పాపం, పిన్నికి మనకంటే కంగారు ఎక్కువగా ఉంది," అని నాంచారయ్య ఆ బిందె లాక్కుని ఆమె మొహానే కుమ్మరించాడు. ఆ తడిచీరతోనే ఆవిడ వాము పక్కనే కట్టేసిన గేదె పలుపు విప్పి అవతలికి లాక్కెళ్ళింది. లేకపోతే అదీ పోయేది.

ఇక పేరు పెట్టాలి. పుల్లయ్య భయమన్నాడు. కొడుకు దుఃఖమన్నాడు. కోడలు దిగులంది. ఎవరిది ఒప్పో తేలేలోగా వాము బూడిదైంది. కాలడానికి ఏమీ మిగలక ముగ్గురి మనసులూ నిమ్మళించాయి.

"చూశారా, డాక్టరు చెప్పింది పనిచేసింది," అన్నాడు పుల్లయ్య. వాళ్ళ శాంతి సంగతి దేవుడెరుగు, ఆ గేదెను తలుచుకుంటే నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు గేదె ఆకలికి అరిచింది. మస్తానమ్మ జాలిపడి పచ్చగడ్డి మోపు తెస్తే పుల్లయ్య వెనక్కి పంపేశాడు.

"మనసు బాగోనప్పుడు ఇష్టమైంది కళ్ళముందు ఊహించుకోవాలమ్మా. అదీ చెప్పాడు డాక్టరు."

ముగ్గురూ వంతులేసుకుని గేదె చెవిలో పచ్చగడ్డి, పచ్చగడ్డి అని చెప్పారు. అది విసుగ్గా కాసేపు నెమరేసింది. "తింటోంది నాన్నా," అని మురిశాడు నాంచారయ్య.

అలా తినీ తినీ గేదె పొదుగు ఎండిపోయింది. ఎంత పితికినా చుక్క రాలేదు. వాకిట్లో చూస్తే రోజూ పాలు పోయించుకునేవాళ్ళు గిన్నెలతో నిలబడ్డారు. పుల్లయ్య ఏమాత్రం కంగారుపడకుండా ఖాళీ తపేలా ముందు పెట్టుకుని, "కళ్ళు మూసుకుని గిన్నెలు పట్టండి," అన్నాడు.

తిరపతమ్మ తపేలాలోకి తొంగి చూసింది.

"ఇవాళ మరీ చిక్కగా ఉన్నాయి మామయ్యా," అని, రోజూలాగే రెండు చెంబుల నీళ్ళు కలిపింది.