గుప్పెడు గుమ్మడిగింజలు

"మురహరికి పెట్టేది నాకెందుకు పెట్టరు గురువుగారూ?" అని శేషాచలం ఒకనాడు అడిగేశాడు. ఆ మాట కొన్నాళ్లుగా వాడి గొంతులో ముల్లులా ఉంది.

భీమశంకరం గారు పెద్దాపురంలో మృదంగం నేర్పేవారు. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఇంట్లో ఉండి నేర్చుకునే శిష్యులు ఇద్దరే. పెద్దవాడు శేషాచలం, చిన్నవాడు మురహరి. మురహరికి పసితనం నుంచీ చక్కెర జబ్బు, పూటపూటా ఇన్సులిన్ పొడుచుకుంటాడు. అందుకు శేషాచలం జాలిపడేవాడు, అబద్ధమెందుకు! కానీ ఈమధ్య గురుపత్ని కామాక్షమ్మ గారు వాడి కంచంలో గుప్పెడు వేయించిన గుమ్మడిగింజలు, కాసిని నువ్వులు, మరో గరిటె తోటకూర వెయ్యడం మొదలెట్టారు. దాంతో జాలి కాస్తా కుళ్లయి కూర్చుంది. దసరా కచేరీలో గురువుగారి బదులు వాయించే అవకాశం కూడా ఆ గింజల వెంటే వాడికే దక్కుతుందని శేషాచలం భయం.

గురువుగారు విని, "ఊఁ" అన్నారు. ఆ మధ్యాహ్నం మురహరి మృదంగం ఒళ్లో పెట్టుకు కూర్చున్నారు. వానలకు చెమ్మెక్కి దాని కుడివైపు నల్లపూత పొడిపొడిగా రాలిపోయింది. నల్లరాతిపొడి, అన్నం కలిపి నూరిన ముద్దను పలచగా పొరమీద పొర వేసి, గులకరాయితో రుద్దుతున్నారు. ఇదీ వాడికేనా అని శేషాచలానికి ఒళ్లు మండిపోయింది.

"నాదానికీ వెయ్యండి."

గురువుగారు గిన్నె ఇటు తోశారు. "వేసుకో నాయనా."

శేషాచలం మృదంగానికి ఏ లోటూ లేదు. దాని నాదాన్ని ఊరంతా మెచ్చుకునేది. అయినా మురహరిదానికంటే ఓ పొర ఎక్కువే వేసుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పూత ఆరాక ఇద్దరూ సాధనకు కూర్చున్నారు. మురహరి మృదంగం ఖంగున పలికింది. శేషాచలం కొడితే దిండుమీద కొట్టినట్టు దబ్బుమంది. శ్రుతి సరిచేసి మళ్లీ కొట్టాడు. అదే మోత. దసరా చూస్తే ముంచుకొస్తోంది. కళ్లనీళ్లు తిరిగాయి గానీ ఆ నీళ్లలోనూ ఏడుపుకన్నా అసూయే ఎక్కువ.

మురహరి తన గింజల గిన్నె ముందుకు జరిపాడు. "తిను అన్నయ్యా. నాకు చక్కెర పెరిగినప్పుడల్లా ఒంట్లో ఖనిజాలు మూత్రంలో కొట్టుకుపోతున్నాయట. రక్తం చూసి మెగ్నీషియం తగ్గిందంది డాక్టరమ్మ. వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అందుకే నాకీ మేత. మొన్న నువ్వు బూరెలు లాగిస్తుంటే నాకెంత కుళ్లొచ్చిందో తెలుసా?"

శేషాచలం చెయ్యి గిన్నెదాకా వెళ్లి ఆగింది. తరవాత మృదంగం ఎత్తుకుని గురువుగారి దగ్గరికి వెళ్లాడు. "బుద్ధి గడ్డి తింది. గీకి బాగుచెయ్యండి."

"ఇది మళ్లీ పలికేసరికి దసరా వెళ్లిపోతుంది," అన్నారాయన. "కచేరీకి నీ పేరు నేనెప్పుడో చెప్పేశాను. మురహరి మృదంగం అడిగి పట్టుకెళ్లు."

శేషాచలం తల ఎత్తలేకపోయాడు. గురువుగారు కత్తి తీసుకుని, మందంగా పేరుకున్న ఆ పూతను మెల్లగా గీకసాగారు.

"వాడిది రాలింది, పెట్టాను. నీదేం రాలిందిరా?"