నలభై పొట్లాల మట్టి

ఉడుత సింగారికి చదవడం రాదు. ఈ మాట ఆమె ఏనాడూ పైకి అనలేదు. పెద్ద గాదెకు రేగువాగు శాఖ నడుపుతూ, కొండమీదినుంచి వచ్చే కాగితాలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని తల ఊపేది, అంతే.

కొండమీది ఆ పెద్ద గాదె ఏనుగు గౌరమ్మది. వాగుకో శాఖ తెరిచి, విత్తనాలు అప్పిచ్చి, పంట చేతికొచ్చాక తిరిగి జమ చేయించుకునేది. సింగారిని కొలువులో పెట్టిన రోజున ఒక్కటే చెప్పింది: "అప్పు అడిగినవాళ్లను వాళ్ల చేలోంచి పిడికెడు మట్టి తెమ్మను. వాసన చూసి ఇవ్వు."

ఆ ఏడు తొలకరి పడగానే శాఖల తనిఖీకి నక్క జంబయ్య దిగాడు, చంకలో కాగితాల కట్టతో.

"ఏమే సింగారీ, ఈ నెలకు ఏడంటే ఏడు అప్పులా! ఇలాగైతే నీ శాఖ మూసేయిస్తా. ఇదిగో, నలభై కుందేళ్ల అర్జీలు నేనే తెచ్చా. ముద్ర కొట్టు, బస్తాలు నేనే చేరవేస్తా."

"మట్టి ఏది మామా?"

"మట్టేమిటే? కాగితం చదువుకో. ఏం, చదవడం రాదా?"

సింగారి తోక బిగుసుకుపోయింది. రాదంటే కొలువు పోతుంది. ముద్ర కొడితే గాదె ఖాళీ. ఈ ఏడు వాగు చుట్టూ ఎవరికీ విత్తనాలుండవు.

"నువ్వు మట్టి తెచ్చేలోగా చదివేస్తాలే మామా."

జంబయ్య గొణుక్కుంటూ వెళ్లి, గంటలోనే నలభై ఆకు పొట్లాలతో తిరిగొచ్చాడు. సింగారి ఒకటి వాసన చూసింది, ఇంకొకటి, మరొకటి.

"మామా, నలభై ఇళ్లకూ ఒకటే గుమ్మమా? అన్నిట్లోనూ కోడి ఈకల కంపే!"

అప్పు కోసం వచ్చి వరుసలో నిలబడ్డ ముసలి కుందేలు ఫక్కున నవ్వింది. "అది నీ బొరియ మట్టే కదరా జంబయ్యా! మా పేర్లతో ఎత్తుకెళ్లి సంతలో అమ్ముకుందామనా?"

"ఏ శాఖలోనూ లేదు ఈ మట్టి గొడవ! ఇక్కడొక్కచోటే ఎందుకట?" అని అరుస్తూ జంబయ్య పొదల్లోకి దూకాడు.

సింగారి చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. ఇక్కడొక్కచోటేనా? అయితే తనకు చదువు రాదని గౌరమ్మకు మొదటి రోజే తెలుసు. ఆనాడు తను కాగితం తలకిందులుగా పట్టుకుంది కాబోలు. తెలిసీ నలుగురిలో అడగలేదు. నేలలో గింజలు దాచి వాసనతో వెతుక్కునే ఉడుతకు ఏది వచ్చో, దాన్నే పరీక్షగా పెట్టి కూర్చోబెట్టింది.

పనివాళ్లకు ఏం వచ్చో చూసి పని అప్పగించినవాళ్ల గాదెకు ఏ నక్కా కన్నం వేయలేదు.

చెప్పాల్సిన మాటలు రెండున్నాయి: ఆరేళ్లుగా దాచుకున్నా తనకు చదవడం రాదని, ఆ మేలు మరువనని. సింగారి మట్టి చేతులు దులుపుకుని, శాఖ గోడకున్న ఫోనులో గౌరమ్మతో మాట్లాడదామని లేచింది.